ఇంటి ఫైళ్లకొక సర్వే నంబరు

ఒక వస్తువుకు పెట్టే పేరు అది ఏమిటో చెబుతుంది. దానికి ఇచ్చే సంఖ్య అది ఎక్కడ ఉందో చెబుతుంది. ఈ రెండు పనులనూ పేరుతోనే చేయించబోవడం వల్ల ఫోన్లలో, కంప్యూటర్లలో దాచుకున్న కాగితాలు అవసరమైన నాడు చేతికి అందవు. తెలంగాణ రైతుకు ఈ తేడా కొత్తది కాదు. ఇంట్లో అందరూ చింతకింది చెలక అని పిలుచుకునే భూమి కచేరీ మెట్లెక్కేసరికి సర్వే నంబరుగా మారుతుంది. చింతచెట్టు పడిపోయినా, బోరు పడి చెలక కాస్తా మడిగా మారినా, పట్టాదారు కాలంచేసి విరాసత్ జరిగి కొడుకుల పేర్లు ఎక్కినా, ఆ నంబరు అదే భూమిని చూపిస్తూ ఉంటుంది. భూమి విషయంలో ఇంత కాలంగా నిలిచిన ఈ పద్ధతిని, ఆ భూమి కాగితాల ఫోటోలూ పీడీఎఫ్‌లూ పోగుపడిన ఫోనుకు వర్తింపజేయడం ఎలాగో ఈ అధ్యాయం వివరిస్తుంది.

పేరు ఎందుకు నిలవదు

సిద్దిపేట జిల్లా జగదేవ్‌పూర్ మండలంలోని ఏ వ్యవసాయ కుటుంబమైనా గత ఇరవై ఏళ్లలో తన దగ్గర చేరిన పత్రాలను వరుసగా పేర్చి చూస్తే, వాటి తలకట్లే ఒక చరిత్రను చెబుతాయి. 2014 జూన్ 2కు ముందు జారీ అయినవాటి మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, మెదక్ జిల్లా అని ఉంటుంది. ఆ తర్వాతి రెండేళ్లవాటి మీద రాష్ట్రం తెలంగాణ, జిల్లా మాత్రం మెదక్. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుంచి సిద్దిపేట. అప్పటిదాకా జగదేవ్‌పూర్ మండలంలోనే ఉన్న ఎర్రవల్లి వంటి గ్రామాలు అదే పునర్విభజనలో కొత్తగా ఏర్పడిన మర్కూక్ మండలంలోకి వెళ్లాయి గనుక, అక్కడి కుటుంబాల పత్రాల్లో మండలం పేరు కూడా రెండు రకాలుగా కనిపిస్తుంది. బండి నంబరు సంగతీ అంతే: ఉమ్మడి మెదక్ జిల్లాకు ఏపీ 23, సిద్దిపేటకు టీఎస్ 36, 2024 మార్చి తర్వాత రిజిస్టరైన కొత్త బండికి టీజీ 36.

భూమి వ్యవహారంలో ఈ మార్పులు మరీ వెంటవెంటనే వచ్చాయి. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలై, 2018లో కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు చేతికి వచ్చాయి. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. 2018 మే 10న రైతుబంధు పేరుతో మొదలైన పెట్టుబడి సాయం 2025 జనవరి నుంచి రైతు భరోసా అయింది. ఫోనులో ధరణి అనే ఫోల్డర్ తెరిచి పాసుపుస్తకం ఫోటోను అందులో వేసుకున్న రైతు, ఆ తర్వాత వచ్చిన నకలు కోసం భూభారతి అనే మరో ఫోల్డర్ తెరిస్తే ఒకే భూమి కాగితాలు రెండు చోట్ల పడతాయి. పాతదానిలోనే వేస్తే ఫోల్డర్ పేరు అబద్ధమవుతుంది. ప్రభుత్వం పోర్టల్ మార్చినప్పుడల్లా ఇంటివాళ్లు అరలు సర్దుకోవలసి రావడం న్యాయం కాదు.

పేర్లు మారకుండా ఉన్నా చిక్కు తీరదు, ఎందుకంటే రాత ఒకటిగా ఉండదు. జగదేవ్‌పూర్ అనే మాటే ఇందుకు మంచి ఉదాహరణ. తెలుగులో ఈ పేరు టైపు చేసేటప్పుడు పొల్లు వకారం పక్కన 'పూ' విడిగా నిలబడాలంటే ఆ రెంటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండాలి; అంటే కంటికి కనిపించకుండా, రెండు అక్షరాలు కలిసి వత్తుగా మారకుండా అడ్డుపడే ఒక గుర్తు. అది లేకపోతే వకారం కింద పవత్తు పడిన 'జగదేవ్పూర్' అనే రూపం వస్తుంది. చదివేవారికి రెండూ ఒకే ఊరు. వెతికే యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు కావచ్చు. భూమి సాగు వివరాలు రాసే పహాణీ అనే రికార్డు పేరును పహాణి, పహణీ, పహాని అని ఒకే ఇంట్లో ముగ్గురు మూడు విధాలుగా రాస్తారు, నాలుగో మనిషి ఇంగ్లిషు లిపిలో రాస్తాడు. 21 అనే సంఖ్యకు ఇటువంటి పాఠాంతరాలు లేవు. తెలుగు అంకెలూ మామూలు అంకెలూ కలిపి వాడకుండా ఉంటే చాలు.

సంఖ్యలో క్రమం ఎలా ఇముడుతుంది

ఊరికే ఒకటి, రెండు, మూడు అని వరుసగా ఇచ్చుకుంటూ పోయే సంఖ్య రిజిస్టరుకు సరిపోతుంది గానీ వెతుకులాటకు అంతగా సాయపడదు. అంకె చూడగానే ఏ వైపు వెళ్లాలో తెలియాలంటే సంఖ్యలోనే అంతస్తులు ఉండాలి. 1972 ఆగస్టు 15న ప్రారంభమైన పిన్‌కోడ్‌లో ఈ ఏర్పాటు స్పష్టంగా కనిపిస్తుంది. జగదేవ్‌పూర్ ప్రాంతపు పిన్‌కోడ్ 502తో మొదలవుతుంది. అందులో మొదటి అంకె 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలను కలిపి సూచిస్తుంది, 50 అనగానే తెలంగాణ అని తేలుతుంది, 502 అనేసరికి ఉత్తరాలు వేరుచేసే ప్రాంతం తెలుస్తుంది, చివరి మూడంకెలు పంచే తపాలా కార్యాలయాన్ని పట్టిస్తాయి. ఇక్కడ ఒక విశేషం గమనించదగ్గది: రాష్ట్రం మారింది, జిల్లా మారింది, 502 మాత్రం మారలేదు.

గ్రంథాలయ శాస్త్రం ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకువెళ్లింది. అమెరికా గ్రంథాలయాధికారి మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణ మొత్తం జ్ఞానాన్ని పది తరగతులుగా, ఒక్కో తరగతిని మళ్లీ పదిగా, దాన్ని ఇంకో పదిగా విడదీసింది. గణితోపాధ్యాయుడిగా పనిచేస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఎస్.ఆర్. రంగనాథన్ ఈ పది గదుల పద్ధతి ఇరుకుగా ఉందని భావించి, ఒక విషయాన్ని అనేక కోణాల నుంచి గుర్తించి వాటి మధ్య కోలన్ పెట్టి కూర్చే కోలన్ వర్గీకరణను 1933లో వెలువరించారు. రంగనాథన్ పద్ధతి మేధకు విందు. ఇంటి ఫైళ్లకు మాత్రం డ్యూయీ మొరటుతనమే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఇంట్లో కాగితం వెతికే మనిషికి తీరికగా కోణాలు ఆలోచించే వ్యవధి ఉండదు.

అయితే డ్యూయీ పట్టికలో తెలుగు పాఠకుడు నేర్చుకోవలసిన పాఠం మరొకటి ఉంది. సాహిత్యానికి కేటాయించిన 800ల్లో అమెరికా సాహిత్యానికి 810, ఇంగ్లిషుకు 820, జర్మన్‌కు 830 అంటూ కొన్ని ఐరోపా భాషలకు విశాలమైన గదులు ఇచ్చి, మిగిలిన ప్రపంచ భాషలన్నిటినీ 890లో కుక్కారు. అందులో ద్రావిడ భాషలు 894.8 దగ్గర మొదలైతే, వెయ్యేళ్ల కావ్య సంప్రదాయం ఉన్న తెలుగు 894.827 అనే మూలగదిలో తేలింది. పట్టిక వేసినవాడు తన ఇంట్లో ఏది ఎక్కువో దానికి పెద్ద గది ఇచ్చుకుంటాడు. అందుచేత ఇతరులు తయారుచేసిన పట్టికను యథాతథంగా దించుకోవడం తెలివైన పని కాదు. ఆస్ట్రేలియాకు చెందిన జానీ నోబుల్ కంప్యూటర్ ఫైళ్ల కోసం రూపొందించి ప్రచారంలోకి తెచ్చిన జానీ డెసిమల్ పద్ధతి ఈ స్వేచ్ఛను వాడేవారికే వదిలి, కట్టుబాటును మాత్రం గట్టిగా నిలిపింది: పదికి మించని విభాగాలు, ఒక్కో విభాగంలో పదికి మించని ఉపవిభాగాలు, ఉపవిభాగంలోని ప్రతి అంశానికీ చుక్క తర్వాత రెండంకెలు. ఈ అధ్యాయం అనుసరిస్తున్న అస్థిపంజరం అదే.

దశకం, పద్దు, నంబరు

ఆ మూడు అంతస్తులకు తెలుగు లెక్కల పుస్తకాల నుంచే మాటలు తీసుకోవచ్చు. పది సంఖ్యల గుంపును దశకం అనీ, దానిలోని ఒక్కో సంఖ్యను పద్దు అనీ, పద్దు కింద చుక్క తర్వాత వచ్చేదాన్ని నంబరు అనీ పిలిస్తే, 21.02 అన్నప్పుడు ఇరవైల దశకంలో, ఇరవై ఒకటో పద్దులో, రెండో నంబరు అని అర్థం. నంబరే అట్టడుగు ఫోల్డర్. దాని లోపల మళ్లీ ఫోల్డర్లు చేయకూడదు. లోతు పెరిగినకొద్దీ వెతికేవాడు దారి తప్పే మలుపులు పెరుగుతాయి.

జగదేవ్‌పూర్ పరిసరాల్లో ఐదారు ఎకరాలు సాగుచేసుకుంటూ, పిల్లలు హైదరాబాద్‌లో చదువుకునో ఉద్యోగం చేసుకునో ఉన్న కుటుంబాన్ని ఊహించుకుంటే, పదుల దశకాన్ని మనుషులకు ఇవ్వడం సహజం: 11 గుర్తింపు పత్రాలు, 12 చదువు, 13 ఆరోగ్యం. ఇరవైలు భూమికి: 21 హక్కు పత్రాలు, 22 కొలతలు, 23 బోరు, కరెంటు, పంటలు, 24 తగాదాలు, అర్జీలు. ముప్పైలు డబ్బుకు: 31 బ్యాంకు ఖాతాలు, 32 పంట రుణం, 33 బీమా, 34 ప్రభుత్వ సాయం. నలభైలు ఇంటికీ బండ్లకూ. ఇక్కడితో ఆగడమే మంచిది. పది దశకాలు ఉన్నాయి గదా అని పదింటినీ మొదటిరోజే నింపడానికి కూర్చునేవారు సాధారణంగా సాయంత్రానికి విసుగెత్తి మొత్తం వదిలేస్తారు. ఖాళీ దశకం ఖాళీగా ఉండటంలో నష్టమేమీ లేదు. 34కు రైతు భరోసా అని గాక ప్రభుత్వ సాయం అని పేరు పెట్టడానికి కారణం పైన చెప్పినదే: పథకం పేరు మారుతుంది, సాయం అనే పద్దు ఉంటుంది.

11వ పద్దులో ఒక్కో మనిషికీ ఒక నంబరు, 21వ పద్దులో ఒక్కో భూమి ముక్కకూ ఒక నంబరు ఇవ్వాలి. భూమికి ఎలాగూ సర్వే నంబరు ఉండగా మళ్లీ 21.01, 21.02 ఎందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. సర్వే నంబరు భూమి చోటును పట్టి ఉంచినా, పంపకం జరిగినప్పుడు దాని చివర బై నంబర్లు మొలుస్తాయి. 212 కాస్తా 212/అ, 212/ఆ అవుతుంది, 212/అ మళ్లీ 212/అ/1, 212/అ/2 అవుతుంది. పైగా వాటిలోని వాలుగీతను ఫైలు పేరులో రాయడానికి కంప్యూటర్ ఒప్పుకోదు; విండోస్‌లో వాలుగీత, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం వంటి గుర్తులకు పేర్లలో చోటు లేదు. ఒకరు గీత తీసేసి 212అ2 అని, మరొకరు అడ్డగీత పెట్టి 212-అ-2 అని రాస్తే మొదటి గందరగోళమే మళ్లీ వస్తుంది. కాబట్టి ఇంటి నంబరు 21.02గానే ఉంటుంది, దాని కిందికి వచ్చే సర్వే నంబర్లు ఏవేవో సూచిక చెబుతుంది.

ఏ కాగితం ఏ పద్దుకు చెందుతుందో తేల్చుకోవడంలోనే చాలామంది తడబడతారు. పంట రుణం కాగితం భూమిదా, బ్యాంకుదా? దీనికి ఒక ఉపాయం ఉంది: ఆ కాగితాన్ని రేపు అడిగేది ఎవరన్నది ఆలోచించాలి. అడిగేది ఒక్కరే అయితే అడిగేవారి పద్దులో వేయాలి. రుణం కాగితాన్ని బ్యాంకే అడుగుతుంది గనుక అది 32కు వెళ్తుంది. అడిగేవారు అనేకులైతే ఆ కాగితం ఎవరిదో, దేనిదో అక్కడే ఉంచాలి. మరణ ధ్రువీకరణ పత్రాన్ని విరాసత్ కోసం తహసీల్దార్ కార్యాలయం అడుగుతుంది, ఖాతా మూయడానికి బ్యాంకు అడుగుతుంది, బీమా సంస్థ అడుగుతుంది. కాబట్టి అది ఆ మనిషి నంబరులోనే ఉండాలి. ఒకే కాగితాన్ని నాలుగు చోట్ల నకలు చేసిపెట్టడం భద్రతలా కనిపిస్తుంది గానీ, సవరించిన పత్రం వచ్చిన రోజున నాలుగింటిలో మూడు పాతబడి ఎవరినో ఒకరిని మోసం చేస్తాయి.

ఫైలు పేరులో తేదీ

నంబరు ఫోల్డర్‌ను పట్టిస్తుంది. లోపలి ఫైళ్లను వరుసలో నిలబెట్టేది తేదీ. రోజు, నెల, ఏడాది అనే మన వాడుక క్రమంలో తేదీ రాస్తే యంత్రం రోజును బట్టి పేర్చి 2011 జనవరి ఒకటినీ 2025 మార్చి ఒకటినీ పక్కపక్కన కూర్చోబెడుతుంది. ఏడాది, నెల, రోజు అనే క్రమంలో 2018-06-14 అని రాస్తే పేర్ల వరుసే కాలక్రమం అవుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లో ఐఎస్ఓ 8601 పేరుతో స్థిరపరచిన క్రమం ఇదే. నెలకూ రోజుకూ ముందు సున్నా తప్పనిసరి, లేకపోతే కొన్ని చోట్ల 10 వెళ్లి 2 కంటే ముందు నిలబడుతుంది. వాట్సాప్ ద్వారా వచ్చే ఫోటోల పేర్లలో ఐఎంజీ అనే అక్షరాల తర్వాత కనిపించే ఎనిమిదంకెలు కూడా ఇదే క్రమంలోని తేదీ. అయితే అది ఫోటో ఫోనుకు చేరిన తేదీయే తప్ప కాగితం తేదీ కాదు; 2009 నాటి రిజిస్ట్రేషన్ దస్తావేజు ఫోటో మొన్న అన్న పంపితే పేరులో మొన్నటి తేదీ ఉంటుంది. ఫైలు పేరులోకి ఎక్కవలసింది కాగితం మీది తేదీ.

పాత భూమి కాగితాల దగ్గర ఇంకొక ముడి ఉంది. హైదరాబాద్ రాజ్యపు రెవెన్యూ పత్రాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకపు సంవత్సరం వస్తుంది. ఈ ప్రాంతంలో హక్కుల వివాదాల్లో పదేపదే అడిగే ఖాస్రా పహాణీ 1954-55 నాటిది, అంటే ఫసలీ 1364. పేరులో 1364 అని రాస్తే అది అన్నిటికంటే ముందు, కాకతీయుల కాలం దగ్గరలో పోయి నిలబడుతుంది. రెండేళ్లకు విస్తరించే రెవెన్యూ సంవత్సరాలకు మొదటి ఏడాదినే తీసుకుని '1954 ఖాస్రా పహాణీ' అని రాయడం మేలు. భూమిని మొదట కొలిచి స్థిరపరచినప్పుడు తయారైన సేత్వార్ నకలుకూ, తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు ఒప్పందమైన సాదాబైనామాకూ ఇదే సూత్రం. తేదీ తర్వాత రెండు మూడు మాటలకు మించి రాయకూడదు, ఎందుకంటే ఫోను తెర పొడవాటి పేర్లను మధ్యలోనే తుంచేస్తుంది.

సూచిక లేని సంఖ్య

సంఖ్యకు తనంత తానుగా అర్థం లేదు గనుక, ఏ నంబరు దేనిదో చెప్పే సూచిక ఈ పద్ధతికి ప్రాణం. దానికి 00.01 అనే నంబరు ఇచ్చి ఫోనులో ఒక సాధారణ నోటుగా ఉంచుకోవచ్చు, ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించుకోనూవచ్చు. రెండూ చేస్తే మరీ మంచిది. ప్రతి నంబరుకు ఎదురుగా మూడు విషయాలు చాలు: అదేమిటి, సర్వే నంబరు వంటి అధికారిక గుర్తు ఏమిటి, ఒరిజినల్ ఎక్కడ ఉంది. ఈ మూడోది చాలామంది రాయరు. ఫోనులో ఉన్నది ఛాయ మాత్రమే. ఒరిజినల్ బీరువాలో ఉందా, బ్యాంకులో ఉందా, పెద్దన్న దగ్గర ఉందా అన్నది రాయకపోతే, ఫోటో దొరికాక కూడా వెతుకులాట కొనసాగుతుంది. ఒరిజినల్ పెట్టిన ప్లాస్టిక్ కవరు మీద కూడా పెన్సిలుతో అదే 21.02 వేస్తే బీరువాకూ ఫోనుకూ ఒకే పట్టిక సరిపోతుంది. ఆధార్ అంకెలు, పాస్‌వర్డులు మాత్రం సూచికలో రాయకూడదు.

డిజిలాకర్ విషయంలో ఒక వివరణ అవసరం. 2015లో ప్రారంభమైన ఈ ప్రభుత్వ సేవలోకి సంబంధిత సంస్థ నేరుగా జారీచేసిన పత్రానికి అసలు పత్రంతో సమానమైన విలువ ఉంటుంది. మనం ఫోటో తీసి ఎక్కించుకున్నదానికి ఆ విలువ ఉండదు. కాబట్టి సూచికలో ఒరిజినల్ ఎక్కడ అన్నచోట డిజిలాకర్ అని రాయదగినవి మొదటి రకంవి మాత్రమే.

సూచిక ఉన్నప్పుడు కలిగే లాభాల్లో ఒకటి పుస్తకాల్లో పెద్దగా కనిపించదు గానీ పల్లె ఇంట్లో వెంటనే తెలుస్తుంది: సంఖ్యను నోటితో చెప్పవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఊళ్లో ఉన్న తండ్రికి ఫోన్ చేసి, 'బాపూ, కవర్ల మీద ఇరవై ఒకటి పాయింట్ రెండు అని ఉంటది, అది తీయి' అనగలిగితే, ఏ పాసుపుస్తకం, ఏ రంగు అట్ట, ఏ అరలో అన్న పావుగంట సంభాషణ తప్పుతుంది. ఇంగ్లిషు ఫోల్డర్ పేర్లు చదవలేని పెద్దవాళ్లు కూడా అంకెలు గుర్తుపడతారు.

నంబర్లను నడిపించడం

ఒకసారి ఇచ్చిన నంబరును మళ్లీ మరొకరికి ఇవ్వకూడదు. తాత పోయాడని ఆయన 11.01ను పుట్టిన మనవడికి ఇస్తే, పదేళ్ల తర్వాత విరాసత్ అర్జీలో పేర్కొన్న 11.01 ఎవరిదన్న అనుమానం పుడుతుంది. పెళ్లై వెళ్లిన ఆడబిడ్డ నంబరు కూడా అలాగే ఉంటుంది. ఆమె కాగితాలు ఆమెకు పంపినట్టు సూచికలో ఒక మాట రాస్తే చాలు.

ఏది ఎంతకాలం ఉంచాలన్న విషయంలో జిల్లా కార్యాలయాల పాత పద్ధతి పనికొచ్చే నమూనా. మద్రాసు రాష్ట్రకాలపు కార్యాలయ విధానంలో, పరిష్కారమైన ఫైలు మీద వేసే గుర్తే దాని ఆయువును చెప్పేది: ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచవలసింది, డి.డిస్ అంటే పదేళ్లు, ఎల్.డిస్ అంటే ఒక్క ఏడాది. ఇంట్లో 21వ పద్దు మొత్తం మొదటి రకం. కరెంటు బిల్లులు చివరి రకం. సూచికలో పద్దు పక్కన శా, 10, 1 అని వేసుకుంటే, ఫోను నిండినప్పుడు దేన్ని తుడిచేయాలో ఆలోచించే పని ఉండదు.

ఇన్నేళ్లుగా పోగుపడిన వేలాది ఫోటోలను ముందుగా సర్దాలని కూర్చోవడం పొరపాటు. వాటన్నిటినీ 90 అనే ఒక్క పద్దులో పడేసి, ఈరోజు నుంచి వచ్చే కాగితాలకు మాత్రం నంబర్లు ఇస్తూ పోవాలి. పాతవాటిలో ఏదైనా అవసరపడి వెతికి తీసినప్పుడు, తిరిగి 90లో పెట్టకుండా దాని అసలు నంబరులో పెట్టాలి. ఇలా రెండు మూడేళ్లు గడిచేసరికి పనికొచ్చేవన్నీ తమంతట తాము బయటకు వచ్చేస్తాయి, మిగిలినవాటిని తుడిచేసినా అడిగేవారుండరు. మొత్తం ఫోల్డర్ల నకలు గూగుల్ డ్రైవ్‌లోనో (ఉచితంగా ఇచ్చే 15 జీబీ కాగితాలకు సరిపోతుంది) వేరే ఇంట్లో ఉండే పెన్‌డ్రైవ్‌లోనో ఉంచాలి. ఒకే చేతిలో ఉండే ఫోనూ పెన్‌డ్రైవూ ఒకే సంచితో పాటు పోతాయి.

అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఈ పద్ధతికి అసలు పరీక్ష ఎదురవుతుంది. ఇద్దరూ సూచికతో సహా మొత్తం ఫోల్డర్లను నకలు చేసుకోవాలి, పాత నంబర్లను ఎవరూ కదిలించకూడదు. పంపకం తర్వాత ఎవరి వాటా కాగితాలకు వారు తమ తమ పట్టికల్లో చివరి నంబరు తర్వాతి నుంచి కొత్తవి ఇచ్చుకోవాలి. అప్పుడు అన్న ఫోనులో 21.05 తన వాటా అవుతుంది, తమ్ముడి ఫోనులో 21.05 అతని వాటా అవుతుంది. ఉమ్మడి కాలపు సేత్వార్ నకలు మాత్రం ఇద్దరి ఫోన్లలోనూ 21.02లోనే ఉంటుంది.